పలమనేరు ఇంట్లో బుఖారీ (గదిని వెచ్చబెట్టే ఇనప కట్టెల పొయ్యి) కింద నేలకి ఏం వేసినాం: ఆన్‌లైన్ మ్యాటు, చిత్తూరు రాయి రెండింటి గురించీ

ముందే చెప్పేస్తా, ఫైర్‌ప్రూఫ్ అని రాసుంటే చాలని కొనేయొద్దండీ. నిప్పురవ్వని ఆపేది వేరు, సెగని ఆపేది వేరు. మేము రెండూ ఒకటే అనుకుని ఒక మ్యాటు కొన్నాం, పన్నెండు రోజులకే గది నేల పాడైపోయింది, ఇంట్లో పెద్దోళ్ళు నిద్రపోయే గది అది, తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ వస్తాది.

మేముండేది చిత్తూరులో, ఈడ చలి అంటే పెద్దగా తెలీదు. అత్త, మామ పలమనేరు దగ్గర తోటలో ఉంటారు, మొగిలి ఘాట్ ఎక్కినామంటే గాలే మారిపోతాది, ధనుర్మాసంలో తెల్లారుజామున మామకి మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేరు. టైల్స్ మీద కాలు పెడితే చల్లగా ఉండాదని పోయినేడే మేడ గదిలో ల్యామినేట్ చెక్క ఫ్లోరింగ్ వేయించినాం. మా బావ ఆర్మీలో చేసి రిటైరైనాడు, లేహ్ లో ఉన్నప్పుడు చలికాలమంతా బుఖారీ పక్కనే బతికినామని చెప్తాడు, ఆయనే ఈడ వెల్డర్ దగ్గర కూర్చుని ఒకటి చేయించినాడు. చూడనోళ్ళకి చెప్తున్నా, ఇనప రేకు డ్రమ్ము, దానికో తలుపు, పైన పొగగొట్టం, లోపల కట్టెలు కాలితే పొగ గొట్టంలో బైటికి పోతాది, గది వెచ్చబడతాది. మామకి చానా సుఖంగా ఉండాది, అది మాత్రం నిజం.

ఇంక మ్యాటు సంగతి. బూడిద రంగుది, గ్లాస్ ఫైబర్ బట్టకి సిలికాన్ పూత, 1,400 రూపాయలు, మందం చూస్తే గోనెపట్టా అంత కూడా లేదు. మొదటి వారం అంతా బాగానే ఉండాది, తలుపు తెరిచినప్పుడు రవ్వలు పడినా మచ్చ కూడా పడలేదు. పన్నెండో రోజు రాత్రి అత్త ఫోన్ చేసి ఏందో మాడిన వాసన వస్తాంది అమ్మాయ్, కట్టెల వాసన కాదు ఇది అనింది. పొద్దున్నే పోయి బుఖారీ జరిపి మ్యాటు ఎత్తి చూస్తే కింద చెక్క మీద డ్రమ్ము ఎంతుందో అంత గోధుమరంగు మచ్చ, నడిమధ్యలో దాదాపు నలుపు, పలకల అతుకులు అప్పడం మాదిరి పైకి లేసినాయి. మ్యాటు మాత్రం కొత్తదాని మాదిరే ఉండాది. మా ఆయన వేడి కొలిచే గన్ను తెచ్చి మళ్ళీ రెండు గంటలు కాల్చి మ్యాటు ఎత్తి కొలిస్తే అడుగున 96 డిగ్రీలు చూపించింది.

96 డిగ్రీలకి చెక్క అంటుకోదు కదా అని నేనూ అనుకున్నా. కానీ చెక్కకి రోజూ అట్లా సెగ తగుల్తా ఉంటే లోపల తేమంతా పోయి మెల్లగా బొగ్గు మాదిరి అయిపోతాదంట, అట్లా మాడిన చెక్క కొత్త చెక్క కంటే చానా తక్కువ వేడికే రాజుకుంటాది. నెలల తరబడి ఏమీ కాకుండా ఒకరోజు అంటుకోవచ్చు, భయం అక్కడే. అమ్మినోళ్ళకి ఫోటోలు పెడితే మ్యాటు కాలలేదు కాబట్టి రిటర్న్ కుదరదు అన్నారు. మ్యాటు కాలలేదు, నా నేల కాలింది, ఈ మాట ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. రవ్వల వరకే పనికొస్తాది అని పేజీలో ఒక్క ముక్క రాసుంటే మేము కొనేవాళ్ళమే కాదు. దానికి నా రేటింగ్ 5కి 1.

తర్వాత చిత్తూరులో టైల్స్ షాపుకి పోతే రెండడుగుల విట్రిఫైడ్ పలకలు చెక్క మీద పరిచేయండి చాలన్నారు. అదీ అంతే, టైలు కాలదు గానీ సెగ దాంట్లోనుంచి దిగిపోతాది. ఇంకో హార్డ్‌వేర్ షాపులో ఆస్‌బెస్టాస్ రేకు ముక్క ఇస్తామన్నారు, దాన్ని కోస్తే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకి ప్రాణాంతకం, ఇంట్లోకి అసలే తేవద్దు. సిరామిక్ ఊలు దుప్పటి 1260 డిగ్రీల గ్రేడుది ఉండాది, వేడి బాగా ఆపుతాది గానీ మెత్తనిది, బరువు పడితే అణిగిపోతాది, పైగా దాని నూగు గాల్లో లేస్తాది, మామకి ముందే దగ్గు.

చివరికి పలమనేరు రోడ్డులో ఒక గ్రానైట్ యార్డుకి పోయినాం, ఈ రివ్యూ రాస్తాంది ముఖ్యంగా వాళ్ళ కోసమే. విషయం చెప్పి మందం రాయి కావాలంటే అక్కడున్న అన్న రాయి అమ్మేయాలని తొందరపడలా. "అక్కా, రాయి సెగని తట్టుకుంటాది, ఆపదు. అడుగున కాల్షియం సిలికేట్ బోర్డు వెయ్యండి, పైన రాయి పెట్టండి" అన్నాడు. ఇంటికొచ్చి చదివితే అదే నిజం, గ్రానైట్ ఆ బోర్డు కంటే పదింతలకి పైనే వేడిని దాటించేస్తాది. వాళ్ళ దగ్గర పెద్ద స్లాబుల్లో మిగిలిన కట్ పీసులు ఒక పక్కన ఉంటాయి, దాంట్లో కుప్పం గ్రీన్ ముక్క ఒకటి దొరికింది, 20 ఎంఎం మందం, 4 అడుగులకి 3 అడుగులు కోయించి అంచులు గుండ్రంగా తీయించినాం.

ఆ కొలత ఎట్లా వచ్చిందంటే, మన దగ్గర దీనికి రూల్ చెప్పేవాళ్ళు ఎవరూ దొరకలా, చలి దేశాల పద్ధతి చూసినాం. అమెరికా, కెనడాల్లో టెస్టైన పొయ్యికి మామూలుగా తలుపు ముందు 16 నుంచి 18 అంగుళాలు, పక్కలకి 8 అంగుళాలు నేల కప్పాలంటారు. ఇంగ్లండ్‌లో తలుపు తెరిచి కాల్చే పొయ్యి అయితే ముందు 300 మిల్లీమీటర్లు, మూసే కాల్చేదైతే 225, పక్కలకి 150. పొయ్యి కింద వేడి 100 డిగ్రీలు దాటదని టెస్టులో తేలిన మోడల్‌కే అక్కడ 12 మిల్లీమీటర్ల పలక చాలంటారు. మాది వెల్డర్ చేసిన డ్రమ్ము, టెస్టూ లేదు, కాగితమూ లేదు, అందుకే ఎక్కువ ఉండేదే తీసుకున్నాం. ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది, ఇట్లా టెస్టు లేని పొయ్యికి కాళ్ళు 2 నుంచి 6 అంగుళాల లోపు ఉంటే మంట పట్టే నేల మీద మామూలు పలకతో సరిపోదు, గాలాడేట్టు బోలు ఇటుకలు పేర్చాలని అమెరికా నిబంధన. మా బుఖారీకి కాళ్ళు 3 అంగుళాలే! వెంటనే వెల్డర్‌తో 7 చేయించినాం. డ్రమ్ము లోపల అడుగున అంగుళం మందం ఇసక పోసినాం, బావ లేహ్ లో కూడా అట్లనే చేసేవాళ్ళంట.

అన్నిటికంటే మంచి ఐడియా మేస్త్రీ ఇచ్చినాడు. మన ఇళ్ళల్లో చెక్క ఫ్లోరింగ్ కింద ఉండేది సిమెంటు స్లాబే కదమ్మా, ఆ చెక్కని అక్కడ ఉంచి దాన్ని కాపాడడానికి తంటాలు ఎందుకు, కోసేద్దాం అన్నాడు. ఎట్లాగూ పాడైపోయిన చోటే కాబట్టి కొలత పెట్టి కోసేసి, కింద ఫోమ్ షీటు కూడా తీసేసి, స్లాబు మీద 12 ఎంఎం బోర్డులు రెండు వరసలు, పై వరస అతుకు కింది అతుకు మీద పడకుండా పరిచి, దాని మీద రాయి. చుట్టూ చెక్కకీ రాయికీ మధ్య 10 ఎంఎం సందు వదిలి అల్యూమినియం పట్టీ వేసినాడు, ల్యామినేట్ వానాకాలంలో ఉబ్బుతాది కాబట్టి ఆ సందు ఎట్లా అయినా కావాల్సిందే.

ఇప్పుడు రెండు గంటలు కాల్చినాక రాయి పైన డ్రమ్ము కింద 71, చెక్క అంచు దగ్గర 33. కింద గదిలో మా ఆయన స్టూలెక్కి సీలింగ్ చేత్తో తాకి చూసినాడు, ఏ వెచ్చదనమూ లేదు. వెంటిలేటర్ మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచుతాం, కట్టెల పొయ్యి ఉన్న గది మొత్తం మూసి పడుకుంటే ప్రాణానికే ముప్పు. బూడిద ఇనప బకెట్లోకి తీసి మూతపెట్టి బయట రాయి మీద పెడతాం, లోపల నిప్పు ఒకటి రెండు రోజులు కూడా బతికుంటాది.

యార్డుకి 5కి 4 ఇస్తా. ఒకటి ఎందుకు తగ్గించినానంటే మంగళారం పంపిస్తామన్న రాయి శనారం వచ్చింది, ఒక మూల చిన్న పెచ్చు ఊడుంది, అడిగితే ఎపాక్సీ పెట్టి సరిచేసినారు గానీ దగ్గరగా చూస్తే తెలుస్తాది. రాయికి 1,500, బోర్డులకి 2,200, మేస్త్రీ కూలీ 1,800 అయింది. పోయేముందు పాత అట్టపెట్టె విప్పి సరిగ్గా 4 బై 3 కోసుకుని పోండి, మీ మెట్ల మలుపులో ఆ అట్ట తిరుగుతాదో లేదో ముందే చూడండి. ఆ రాయి 60 కిలోల దాకా ఉంటాది, మా మేడ మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు మోసుకొచ్చి మలుపులో తిరగక పది నిమిషాలు అట్లే పట్టుకుని నిలబడినారు, చివరికి కిటికీ వైపు తాళ్ళు కట్టి పైకి లాగినాం.