పేరు లేని వాకింగ్ ఫుట్‌తో ఎనిమిది నెలలు

హాల్లో గోడకి తగిలించిన నా మొదటి అతుకుల బొంతను చూసి మా వదిన అన్న మాట: "ఇదేంది, ఉతికి ఇక్కడ ఆరేసినవా?"

ఆమెను అనడానికేం లేదు. 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు, అంతే. రెండు నెలలు కూర్చుని కుట్టాను. పైన ముక్కలన్నీ ముచ్చటగా కుదిరాయి. తీరా పైగుడ్డ, మధ్యలో దూది పొర, వెనకగుడ్డ మూడూ కలిపి మిషన్ మీద నిలువు గీతలు కుట్టడం మొదలుపెట్టాక కథ అడ్డం తిరిగింది. ప్రతి గీత చివరా పైగుడ్డ ఓ అరంగుళం మిగిలిపోయి మడత పడేది. దాన్ని వేలితో సర్దుకుంటూ కుట్టేస్తే గీతకీ గీతకీ మధ్య పూరీలా ఉబ్బేది.

చెయ్యి తిరగలేదేమో అనుకుని ఇంకో రెండు కుట్టాను. అవీ అంతే. 31 ఏళ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఒకే తప్పు మూడుసార్లు ఒకే చోట వస్తే అది పిల్లవాడి తప్పు కాదని నాకు తెలుసు.

సంగతేమిటంటే, మామూలు ఫుట్‌కి, అంటే మిషన్‌లో సూది దగ్గర గుడ్డ మీద దిగే ఇనుప పాదానికి, గుడ్డను అదిమి పట్టడం ఒక్కటే వచ్చు. గుడ్డను వెనక్కి జరిపేవి కింద పలకలోంచి లేచే పళ్లు. వాటికి అందేది అడుగు పొర. జాకెట్టు కుట్టేటప్పుడు రెండు పలచటి పొరలే కాబట్టి రెండూ కలిసే పోతాయి. మధ్యలో మెత్తటి పొర చేరేసరికి కింది గుడ్డ పళ్లతో పాటు పోతుంది, పైది ఫుట్‌కి రాసుకుంటూ వెనకబడుతుంది. ఒక్కో కుట్టుకి వెనకబడేది వెంట్రుకవాసే. కానీ అంగుళానికి 8 కుట్లు, గీత పొడవు 24 అంగుళాలు, మొత్తం 192 కుట్లు. వెంట్రుక మందాన్ని 192తో గుణించి చూడండి, ఇంచుమించు నా అరంగుళం వచ్చేస్తుంది.

సూర్యాపేట దగ్గర మా ఊళ్లో నాయనమ్మ కుట్టిన బొంతల్లో ఒక్క ఉబ్బు కూడా ఉండేది కాదు. పాత చీరలు నాలుగైదు పొరలుగా వాకిట్లో పరిచి, మూలలకి రాళ్లు పెట్టి, అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ కుట్టేది. చేతి సూది అన్ని పొరల్లోంచీ ఒకేసారి దిగి లేస్తుంది, ఏ పొరనీ ముందుకు లాగదు. ఆమెకి ఏ ఫుట్టూ అక్కర్లేకపోయింది. నా మోకాళ్లు వాకిట్లో కూర్చోనివ్వవు కాబట్టి నాకు కావాల్సి వచ్చింది.

వాకింగ్ ఫుట్ అని ఒకటుందని వీడియోల్లో చూశాను. దానికి అడుగున సొంత పళ్లుంటాయి. పక్కకి చిన్న చెయ్యి ఉంటుంది, అది సూది బిగించే స్క్రూ మీద కూర్చుంటుంది. సూది లేచి దిగినప్పుడల్లా చెయ్యీ లేచి దిగుతుంది, దాంతో పై పళ్లు కూడా అడుగులేస్తాయి. పైగుడ్డ, కిందిగుడ్డ కలిసి నడుస్తాయి.

ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. కానీ నా మిషన్‌కి సరిపోతుందో లేదో అన్న అనుమానంతో సికింద్రాబాద్ జనరల్ బజార్‌కే వెళ్లాను. తార్నాకలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి అక్కణ్నుంచి ఆటో. బండి వేసుకుని మాత్రం వెళ్లకండి. మా ఆయన ఒకసారి కారు తీస్తానని మొండికేసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తేలక చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు, నేను ఈలోపు లేసులు కొనుక్కుని వచ్చేశాను.

మిషన్ సామాన్లమ్మే కొట్లు అక్కడ సందుల్లో ఉంటాయి. నేను వెళ్లింది మంచం అంత వెడల్పున్న కొట్టు. బాబిన్లు, బెల్టులు, సూది ప్యాకెట్లు పైకప్పు దాకా. వాకింగ్ ఫుట్ కావాలనగానే కొట్టాయన "ఏ మిషన్ అమ్మా? పాత ఫుట్ తెచ్చిన్రా?" అని అడిగాడు. తెచ్చాను. పోపు డబ్బాలో గిన్నె ఒకటి ఖాళీ చేసి, ఫుట్టూ దాన్ని పట్టుకునే కడ్డీ బిగింపూ స్క్రూతో సహా ఊడదీసి అందులో వేసుకుని వెళ్లాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య పెట్టుకుని ఎత్తు చూశాడు. ఇందులో పొట్టి కడ్డీవి, పొడుగు కడ్డీవి అని రెండు రకాలుంటాయట, ఇళ్లలో వాడే మిషన్లు ఎక్కువగా పొట్టివేనట. తర్వాత కొట్లో ఉన్న మిషన్‌కి బిగించి, మడిచిన దుప్పటి గుడ్డ మీద నాలుగు కుట్లు వేసి చూపించాడు. చెప్పింది 750, ఇచ్చింది 620. "మార్చి ఇస్త, పైసల్ వాపస్ ఇయ్య" అన్నాడు ముందే. సరే అన్నాను.

పారదర్శకమైన కవర్లో వచ్చింది. కంపెనీ పేరు లేదు, కాగితం లేదు. ఫుట్, దాంతోపాటు గీతలకి దూరం కొలుచుకునే వంకర కడ్డీ ఒకటి. ఇక్కడ రాస్తున్నదంతా ఈ పేరు లేని ఫుట్ గురించే.

బిగించడం మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది, ఇప్పుడు రెండు నిమిషాలు. ఫుట్ మార్చినట్టు క్లిక్కుమని ఎక్కదు. పాత బిగింపు మొత్తం ఊడదీసి, దీని చెయ్యి సూది స్క్రూ మీదికి వచ్చేలా వెనక నుంచి తోసి, స్క్రూ బిగించాలి. వేళ్లతో బిగించి వదిలేస్తే మూడో గీతకల్లా అదురుకి వదులైపోతుంది. నాకు వదులై సూది ఫుట్‌కి తగిలి టప్పున విరిగింది, ముక్క ఎగిరి కళ్లజోడుకి తగిలింది. అప్పట్నుంచి స్క్రూడ్రైవర్ మిషన్ పక్కనే ఉంటుంది. ఇంకోటి, బిగించాక కరెంటు వెయ్యకముందు చేత్తో చక్రం రెండు చుట్లు తిప్పి చూడండి. సూదిలో దారం దానంతటదే ఎక్కించే పరికరం మీ మిషన్‌కి ఉంటే ఈ ఫుట్ ఉన్నంతసేపూ దాని జోలికి పోకండి, రెండూ గుద్దుకుంటాయి.

ఇక మొదటి గీత. అమ్మ పోచంపల్లి చీర చిరిగిపోతే దాచిన కొంగు, నా పాత నేత చీరలు రెండు. మూడున్నర అంగుళాల చదరాలు కత్తిరించి, చుట్టూ పావంగుళం కుట్టు లోపలికి పోను మూడంగుళాల గళ్లు. అడ్డంగా 6, నిలువుగా 8. (ఈ పావంగుళం దగ్గర మన టైలరింగ్ అలవాటు కొంప ముంచుతుంది. జాకెట్టుకి లూజు కోసం ఎంతో కొంత వదిలేస్తాం, ఇక్కడ కుదరదు. ప్రతి అంచులో ఒక్క మిల్లీమీటరు ఎక్కువ లోపలికి పోయినా కుట్టుకి రెండు మిల్లీమీటర్లు, నిలువు వరసలో 7 కుట్లకి 14 మిల్లీమీటర్లు గల్లంతు. పక్క వరసతో మూలలు ఛస్తే కలవవు.) పాత చీర గుడ్డ పలచబడి జారుతోందని వెనక సన్న బక్రం ఇస్త్రీతో అంటించాను. మూడు పొరలూ పరిచి, అరచెయ్యి వెయ్యడానికి ఖాళీ లేనంత దగ్గరగా పిన్నీసులు పెట్టాను. వాకింగ్ ఫుట్ ఉంది కదా అని ఈ పిన్నీసుల పని ఎగ్గొడితే మళ్లీ ఉబ్బులే. అది కూడా చేసి చూశాను.

14 నంబరు సూది, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. మధ్య నుంచి మొదలుపెట్టాను. ఫుట్ కటకటమంటూ, పాత టైపు మిషన్‌లా చప్పుడు చేస్తూ నడిచింది. పోచంపల్లి గుడ్డ మీద వజ్రాకారపు గుర్తుంది, దాని రెండు మొనల మీదుగా గీత పోవాలి. మామూలు ఫుట్‌తో అయితే రెండో మొన దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పక్కకి ఒరిగిపోయేది. ఈసారి సూది సరిగ్గా మొనలో దిగింది. గీత చివర పైగుడ్డా కిందిగుడ్డా అంచులు సమానంగా ఉన్నాయి. నమ్మకం కుదరక మొత్తం ముక్క తిప్పి వెనక వైపు వేలితో నిమిరాను. ఎక్కడా ముడత తగల్లేదు. మా ఆయన్ని టీవీ ముందు నుంచి లేపి మరీ చూపించాను. ఆయన "బాగుంది" అని వెళ్లి కూర్చున్నాడు.

ఇప్పుడు తిట్లు.

ఒకటి, ఆ వంకర కడ్డీ. మొదటి గీత నుంచి రెండో గీతకి ఒకటిన్నర అంగుళం దూరం పెట్టుకుంటే, చివరికి వచ్చేసరికి అది జారి పావుతక్కువ రెండు అయ్యేది. పెట్టే బెజ్జం కడ్డీ కంటే వదులు. బస్ టికెట్ నాలుగు మడతలు పెట్టి అందులో దోపాను, అప్పట్నుంచి కదల్లేదు. రెండు, ఫుట్ లావుగా ఉంటుంది కాబట్టి సూది ఎక్కడ దిగుతోందో సరిగ్గా కనబడదు. సాయంత్రం లైటులో నాలాంటి కళ్లకి కష్టం. మూడు, వెనక్కి కుట్టదు. అంటే కుడుతుంది, కానీ పై పళ్లు ముందుకే నడవాలనుకుంటాయి, గుడ్డ బిగుసుకుపోతుంది. నేను గీత మొదట్లో, చివర్లో కుట్టు పొడవు బాగా తగ్గించి నాలుగైదు కుట్లు వేసి ఆపేస్తున్నాను. స్పీడు మీద కుడితే చెయ్యి స్క్రూ మీంచి జారుతున్నట్టు అనిపించింది, కాబట్టి నెమ్మదిగానే. నెమలి, తామరపువ్వు లాంటి వంపులు కుట్టాలనుకునేవాళ్లు దీన్ని కొనకండి, వాటికి కింది పళ్లు దించేసి వాడే ఫుట్ వేరే ఉంటుంది. దీనికి తెలిసిందల్లా తిన్నటి గీత, మహా అయితే సన్నటి వంపు.

మా అమ్మ నల్ల మిషన్‌కి కూడా పెట్టి చూశాను. బిగింపు కుదిరింది, కుట్టు కుదర్లేదు. పాత నల్ల మిషన్లు తిన్న కుట్టుకే చేసినవి కాబట్టి వాటి కింది పళ్లు ఇరుకు. ఈ ఫుట్‌కి పళ్లు ఎడంగా ఉంటాయి, సూది పక్కలకి కూడా ఊగే జిగ్‌జాగ్ మిషన్లకి తగ్గట్టు. పై పళ్లు వచ్చే చోట కింద పళ్లే లేకపోతే గుడ్డని ఎవరు పట్టుకుంటారు? నల్ల మిషన్ ఒక్కటే ఉన్నవాళ్లు కొట్టాయన్ని బిగించి, కుట్టి చూపించమనండి.

దూది పొర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా 620 రూపాయలకి ముందు పోయిన డబ్బు అక్కడే పోయింది. వేరే ఏరియాలో ఒక కొట్టులో మీటరు 380 పెట్టి "ప్యూర్ కాటన్ మేడమ్" అంటే కొన్నాను. కుట్టాక కాటన్ వేడి మీద ఇస్త్రీ చేస్తే మూలంతా చర్మంలా ముడుచుకుంది. మిగిలిన దాంట్లోంచి చిటికెడు పీకి స్టీలు పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల గీశాను. దూదైతే కాగితంలా మండి బూడిదవుతుంది. ఇది కరిగి, నల్లపూసంత గట్టి ఉండై, ప్లాస్టిక్ కాలిన వాసన కొట్టింది. తిరిగి తీసుకెళ్తే "మాకు వచ్చింది అట్లనే మేడమ్" అన్నారు. ఇప్పుడు ఎవరేం చెప్పినా ఇంటికి తెచ్చి ముందు పళ్లెంలో కాలుస్తున్నాను. గోడకి వేసేవాటికి పాలిస్టర్ తప్పేం కాదు, తేలిగ్గా ఉంటుంది, గీతల మధ్య చక్కగా పొంగుతుంది, పైన పలచటి గుడ్డ వేసి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే చాలు. కానీ తెలిసి కొనాలి.

మసిగుడ్డల్లో మాత్రం పాలిస్టర్ పెట్టకండి. వేడి కడాయి పట్టుకుంటాం, అది లోపల కరుగుతుంది. పాత తువ్వాలు రెండు పొరలు వేసి కుట్టాను, వాకింగ్ ఫుట్ వాటిని ఆడుతూ పాడుతూ నడిపించింది. ఆరు కుట్టి పంచితే మా కోడలు ఇంకో నాలుగు అడిగింది. జీన్స్ సంచీకి పిడి దగ్గర ఆరు పొరలు పడితే మాత్రం 14 నంబరు సూది విరిగింది. 16 వేశాక దాటింది గానీ మిషన్ మూలిగింది. గళ్ల గుడ్డతో దిండు గలీబు కుట్టినప్పుడు గడికి గడి అతికింది, దానికి దీన్ని వాడొచ్చని నాకెవరూ చెప్పలేదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటీ తీసేసింది వంకర కడ్డీకి. మామూలు జాకెట్లు, లంగాలు కుట్టుకునేవాళ్లకి ఇది దండగ. మూడు పొరలు కలిపి ఏదైనా కుట్టాలని ఉన్నవాళ్లు, మిషన్ మార్చాలేమో అని ఆలోచించే ముందు ఇది కొని చూడండి.

మా వదిన పోయిన వారం వచ్చింది. కొత్తది అదే గోడ మీద, వెనక గొట్టంలా కుట్టిన పట్టీలోంచి దూర్చిన కర్టెన్ కడ్డీకి వేలాడుతోంది. కాసేపు చూసి, దగ్గరికెళ్లి, అంచు పట్టుకుని తిప్పి వెనక చూసింది. తర్వాత ఆ ఫుట్ రెండు రోజులకి ఇస్తావా అంది. స్క్రూడ్రైవర్ కూడా ఇచ్చి పంపాను. ఆ బస్ టికెట్ ముక్క పారెయ్యొద్దని రెండుసార్లు చెప్పాను.