తెల్లవారుజామున ఐస్ హాకీ: ఒక స్ట్రీమింగ్ సేవపై అభిప్రాయం

అమలాపురంలోని మా ఇంట్లో వేసవి వేకువన, పాలవాడు రాకముందే, నేను ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్ చూడడానికి కూర్చుంటాను. న్యూయార్కులో రాత్రి 7 గంటలకు మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున 4:30కు వస్తుంది. ఇందుకోసం ఏడాది చందా కట్టిన స్ట్రీమింగ్ సేవ, దృశ్య నాణ్యత వరకు మెచ్చుకోదగినదే. కొబ్బరితోటల మధ్య సిగ్నల్ అంతంతమాత్రమైనా నల్లని పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే బిళ్ల) జాడ తప్పలేదు.

లోపమంతా ఆ రోజు ఎవరు ఆడుతున్నారో చెప్పే సమాచారంలోనే ఉంది. ప్లేఆఫ్స్‌లో ఒక్క సస్పెన్షన్ ఎంత బరువైనదో 2021లో చూశాం: సెయింట్ లూయిస్ జట్టు ఆటగాడు జస్టిన్ ఫాక్‌ను తలకు తగిలేలా ఢీకొన్నందుకు కొలరాడో జట్టులో సెంటర్‌గా (ముందు వరుస నడుమ) ఆడే నజీమ్ కద్రీపై లీగ్ క్రీడాకారుల భద్రతా విభాగం 8 ఆటల నిషేధం విధించగా, కొలరాడో రెండవ రౌండులో వెనుదిరిగే వరకు అతడు మళ్లీ మంచు మీద కాలు పెట్టలేదు. (మరుసటి ఏడాదే అతడు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు ఎత్తాడు.)

ప్రతి జట్టూ 18 మంది స్కేటర్లను (గోల్‌కీపర్లు కాని ఆటగాళ్లను), ఇద్దరు గోల్‌కీపర్లను మాత్రమే దించగలదు కనుక, ఒకరు తప్పుకుంటే కోచ్ లైన్లన్నీ (కలిసి మంచు మీదికి దిగే ఆటగాళ్ల బృందాలన్నీ) తిరిగి కూర్చవలసి వస్తుంది. ఆటకు ముందు ప్రేక్షకుడు వెతికేది ఆ మార్పునే. ఈ సేవ యాప్ మాత్రం ఆడేవారి జాబితాను ఆట మొదటి భాగం (పీరియడ్) సగమయ్యాక చూపుతుంది. ఒకనాడు నిషేధంలో ఉన్న ఆటగాడి పేరు కూడా అందులో దర్శనమిచ్చింది. ఫిర్యాదు చేస్తే, యాప్‌ను తీసివేసి మళ్లీ వేసుకోమన్నారు. దృశ్యానికి నాలుగు నక్షత్రాలు, సమాచారానికి ఒకటి.