పాతూరు కట్టె గానుగ నూనె: ఆరు నెలల వాడకం తర్వాత

అనంతపురం పాతూరులోని ఒక చిన్న కట్టె గానుగ దుకాణంలో ఆరు నెలలుగా శనగనూనె కొంటున్నాను. మా ఇంట్లో ఐదుగురం ఉన్నాము. నెలకు నాలుగు లీటర్లు సరిపోతున్నాయి. గింజలను మన కళ్ళెదుటే గానుగలో పోస్తారు. రెండున్నర కిలోల గింజలకు సుమారు ఒక లీటరు నూనె మాత్రమే దిగుతుంది కనుక ప్యాకెట్ నూనె కంటే ధర ఎక్కువగా ఉండడం న్యాయమే.

ఈ నూనె విలువ రోజువారీ వంటలోనే తెలుస్తుంది. పొద్దున ఉగ్గానికి పోపు పెట్టినప్పుడు తడిపిన బొరుగులకు పట్టే కమ్మని వాసన, రాగి సంగటిలోకి చేసే గుత్తి వంకాయ కూరలో పైకి తేలే నూనెకుండే రుచి మాకు ప్యాకెట్ నూనెతో ఎన్నడూ రాలేదు. పప్పు తిరగమోతకు రెండు చెంచాలు చాలు. బజ్జీలకు మాత్రం జాగ్రత్త అవసరం: ఇది శుద్ధి చేయని నూనె కాబట్టి బాగా నురుగు వస్తుంది, త్వరగా పొగలు కక్కుతుంది, లోతైన బాణలిలో, మధ్యస్థమైన మంట మీద వేయించుకోవాలి.

లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. ఈ సంగతి గమనించక, ఇక్కడి కిలో ధరను మరోచోటి లీటరు ధరతో పోల్చి, ఇదే ఖరీదైనదని మొదట్లో పొరబడ్డాను.

కొత్తగా ఆడిన నూనెలో మడ్డి ఉంటుంది. దుకాణంవారు ఈ మాట ముందుగా చెప్పి ఉండవలసింది. రెండు రోజులు కదపకుండా ఉంచి, పైతేటను స్టీలు డబ్బాలోకి వంచుకుంటే నెలంతా వాసన మారకుండా నిలుస్తోంది.