కల్పిత జర్మన్ యుద్ధనౌక: డీజిలా, ఆవిరి టర్బైనా?

1938 ప్రాంతంలో అట్లాంటిక్ వాణిజ్య నౌకల మీద దాడికి మీ కథ కోసం ఒక కల్పిత జర్మన్ యుద్ధనౌకను గీస్తున్నారనుకుందాం. ఫిరంగులకన్నా ముందు ఇంజిన్ తేల్చుకోండి. నౌక పొడవు, ఇంధన ట్యాంకులు, కవచం దాన్నిబట్టే కుదురుతాయి.

డీజిల్‌కు ఆధారం జర్మనీ డాయిచ్‌లాండ్ తరగతి యుద్ధనౌకలు: మాన్ (MAN) కంపెనీ డీజిల్ ఇంజిన్లు 8, ప్రొపెల్లర్లను తిప్పే షాఫ్టులు 2, దాదాపు 28 నాట్ల వేగం (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). 20 నాట్ల వద్ద సుమారు 10,000 నాటికల్ మైళ్లు వెళ్తుంది. ఆవిరికి ఆధారం జర్మన్ భారీ క్రూయిజర్ అడ్మిరల్ హిప్పర్: 3 షాఫ్టులు, 1,32,000 హార్స్‌పవర్, 32 నాట్లు. కానీ అదే 20 నాట్ల వద్ద దూరం 6,800 మైళ్లే. పైగా అధిక పీడన బాయిలర్లు తరచూ మొరాయించేవి. ఆవిరి ఎంచుకుంటే సరఫరా ట్యాంకర్లను కథలోనే ఏర్పాటు చేయాలి. చాలామంది వదిలేసేది ఇదే.

డీజిల్‌తో 32 నాట్లు రాసేస్తే నమ్మబుద్ధి కాదు. అంత శక్తికి ఇంజిన్ల సంఖ్య రెట్టింపు దాటుతుంది, బరువు కవచాన్ని తినేస్తుంది.

జర్మన్ తేలికపాటి క్రూయిజర్ లైప్‌జిగ్‌లా మధ్య షాఫ్టుకు డీజిల్, పక్కవాటికి టర్బైన్లు పెట్టొచ్చు. అయితే ఒకదాన్నుంచి మరోదానికి మారే వేళ నౌక నిస్సహాయం: 1944 అక్టోబరులో సరిగ్గా అలా మారుతున్నప్పుడే మరో జర్మన్ క్రూయిజర్ ప్రింజ్ ఆయిగెన్ లైప్‌జిగ్‌ను గుద్దింది. ఒంటరిగా వాణిజ్య నౌకలపై దాడికి వెళ్లే నౌకకైతే నా ఓటు పూర్తి డీజిల్‌కే, 28 నాట్లతో.