డీఈఐసీకి రెండున్నర ఏళ్ళు తిరిగిన తాత మాట

మా మనవడు 31 వారాలకే పుట్టాడు, 1,350 గ్రాములు. మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న జిల్లా. నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో 26 రోజులు ఉంచి ఇంటికి పంపారు. అప్పటి నుంచి వాడిని ఎత్తుకుని జిల్లా ఆసుపత్రి ఆవరణలోని డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రానికి, తిరుగుతున్నది నేనే. కొడుకు సూరత్‌లో పని చేస్తాడు, కోడలికి ఒడియా రాదు, నాకు వేరే పని లేదు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. ఈ కేంద్రాలు దాని కిందివే. 18 ఏళ్ళ వరకు పిల్లలను చూస్తారు, రూపాయి అడగరు. అడగలేదు కూడా.

మొదటి ఫిర్యాదు కంటి పరీక్ష గురించి. 34 వారాలు నిండకుండా గానీ, రెండు కిలోల లోపు బరువుతో గానీ పుట్టిన బిడ్డకు కంటి లోపలి పొర రెటీనాలో రక్తనాళాలు సరిగా పెరగక చూపే పోవచ్చు. పైకి ఏమీ తెలియదు. నెల తిరగకముందే చూపించాలి. ఆ మాట మాకు ఇంటికి పంపే రోజున చెప్పారు. అంటే చేతిలో మిగిలినవి నాలుగు రోజులు! పరీక్ష అక్కడ లేదు. "బాగానే చూస్తున్నాడు కదా, పసివాడిని బస్సులో తిప్పడం ఎందుకు" అని మా ఆవిడ అడ్డుపడింది. వినకుండా పెద్ద ఊరికి తీసుకెళ్ళాను. కళ్ళకు ఢోకా లేదన్నారు.

ఏడు నెలలు వచ్చినా కూర్చోలేదని ఇంట్లో గోల. వయసులోంచి ముందుగా పుట్టిన తొమ్మిది వారాలు తీసేసి లెక్క చూడాలని, రెండేళ్ళు నిండే దాకా ఇదే పద్ధతని ఫిజియోథెరపిస్టు అమ్మాయి చెప్పింది. ఆ తీసివేత తెలిశాక పక్కింటి పిల్లవాడితో పోల్చడం తగ్గింది. అయితే కాళ్ళు బిగుసుకుంటున్న సంగతి తీసివేతతో పోయేది కాదని కూడా ఆమే చెప్పింది. నెలలు నిండని పిల్లల మెదడులో కాళ్ళను నడిపించే నరాల దారి దెబ్బతింటే ఇలా అవుతుందట. సెరిబ్రల్ పాల్సీ అన్న పేరు ఏడాది దాటాక కాగితం మీదకు వచ్చింది. కాళ్ళకు కసరత్తు మాత్రం అంతకు ఎన్నో నెలల ముందే మొదలుపెట్టారు. ఈ కేంద్రానికి నేను మంచి మార్కులు వేసేది అందుకే.

వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట. అరగంటలో ఏమవుతుందని నేనూ అనుకున్నాను. ఆమె అసలు పాఠం చెప్పింది వాడికి కాదు, నాకు. బిడ్డను రెండు చేతుల మీద పడుకోబెట్టి మోయకుండా, కాళ్ళు చెరో వైపు వచ్చేలా చంకన ఎత్తుకోమంది. మడమ పట్టుకుని పాదాన్ని పైకి ఎంత మెల్లగా వంచాలో నా చేతి మీద తన చెయ్యి వేసి చూపించింది. దుప్పటి గట్టిగా చుట్టి దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టమంది. చక్రాల వాకరు కొన్నానని గొప్పగా చెబితే, "మౌసా, అది తీసేయండి, మునివేళ్ళ మీద నిలబడటం అలవాటవుతుంది" అంది. తొమ్మిది వందలు పోసి కొన్నాను. ఇప్పుడు అటక మీద అందులో కొబ్బరికాయలు ఉన్నాయి.

ఆమె బదిలీ అయ్యాక అయిదు నెలలు ఆ కుర్చీ ఖాళీ. వెళ్ళడం, సంతకం పెట్టడం, తిరిగి రావడం. ఆ అయిదు నెలలూ వాడిని నిలబెట్టింది దుప్పటి చుట్టే. కొత్తగా వచ్చినాయన నెమ్మదస్తుడు, కాళ్ళకు ఆసరాగా కట్టే పట్టీల కొలతలు మాత్రం రెండుసార్లు తప్పాయి.

చికిత్స ఖర్చులకు లక్ష రూపాయల దాకా ఇచ్చే నిరామయ బీమా సెరిబ్రల్ పాల్సీకి వర్తిస్తుంది. ఆ మాట కేంద్రంలో ఎవరూ చెప్పలేదు, వరండాలో కూర్చున్న ఇంకో పిల్ల తల్లి చెప్పింది. అక్కడ సగం సమాచారం వరండాలోనే దొరుకుతుంది.

ఇప్పుడు వాడు స్తంభం పట్టుకుని నాలుగు అడుగులు వేస్తాడు. పోయిన నెల మాటల పరీక్ష పెట్టారు. ప్రశ్నలన్నీ ఒడియాలో. బొమ్మ చూపించి "గాఈ ఏది" అన్న అర్థంలో ఒడియాలో అడిగితే వాడు దిక్కులు చూశాడు. పరీక్ష పెట్టినామె సున్నా వేసింది. నేను లేచి, ఇంట్లో మేము మాట్లాడేది తెలుగు, ఒకసారి మా మాటలో అడగనివ్వండి అన్నాను. "ఆవు ఏది నాన్నా?" అనగానే వేలు ఆవు మీద పెట్టాడు. ఆమె సున్నా కొట్టేసి, పక్కన ఒడియా అక్షరాలతో "ఆవు" అని రాసుకుంది. తరువాత ఏనుగును ఏమంటారని నన్ను అడిగింది.