పేపర్‌కట్ క్లస్టర్: ఆపదలో ఆదుకున్నది ఫెయిలోవర్ కాదు

భీమవరం దగ్గరి మా ఇంజినీరింగ్ కళాశాలలో ముద్రణల లెక్క చూసే పేపర్‌కట్ సాఫ్ట్‌వేరుకు గుండె వంటి అప్లికేషన్ సర్వరును, ఒకటి ఆగితే రెండవది బాధ్యత అందుకునే (ఫెయిలోవర్) రెండు విండోస్ సర్వర్ల క్లస్టరు మీద చాలాకాలంగా నడుపుతున్నాము. డేటాబేసును వేరే యంత్రంలోని పోస్ట్‌గ్రెస్‌కు మార్చడం మినహా అమరికలో పెద్ద ఇబ్బంది లేదు. అప్‌డేట్ల కోసం ఒక సర్వరును ఆపినప్పుడు బాధ్యత రెండవదానికి వెళ్లిపోయి, 9191 పోర్టులోని పేపర్‌కట్ పేజీ అదే పేరుతో మళ్లీ తెరుచుకోవడం చూసి, ఇక నిశ్చింత అని చాలామందికి చెప్పాను కూడా.

తీరా ఈదురుగాలులకు కరెంటు పోయి, జనరేటరు అందుకునేలోపు మొదటి సర్వరు యూపీఎస్ చేతులెత్తేసింది. క్లస్టరు నడవాలంటే ఓట్లలో మెజారిటీ ఉండాలి; రెండు సర్వర్లకు చెరొక ఓటు, మూడవది సాక్షిగా ఉండే ఫైల్ షేర్ యంత్రానిది. ఆ సాక్షి యంత్రాన్ని కూడా కాంట్రాక్టరు ఆ యూపీఎస్‌కే తగిలించి వెళ్లడంతో, మూడు ఓట్లలో రెండు ఒకేసారి పోయాయి. ఇక్కడే నా కడుపుమంట. రెండవ సర్వరు నిక్షేపంగా ఉండి కూడా, మెజారిటీ లేదు గనుక క్లస్టరు సేవను తానే ఆపేసింది. రెండు సర్వర్లూ ఎవరికి వారే పెత్తనం చేయకుండా ఉండడానికే ఈ నియమమని తెలిసినా, ఆ సాయంత్రం దాన్ని మెచ్చుకునే స్థితిలో లేను.

అయినా పరీక్షల విభాగంలో హాల్ టికెట్ల ముద్రణ ఆగలేదు. ప్రింట్ సర్వరు వేరుగా ఉండడమూ, సర్వరుతో సంబంధం తెగితే ముద్రించి, తిరిగి కలిశాక లెక్క రాసుకొమ్మనే ఐచ్ఛికాన్ని ఆ ప్రింటరుకు పెట్టి ఉండడమూ కలిసివచ్చాయి. సేవ లేచాక ఆ పత్రాలన్నీ వాటంతటవే చిట్టాలో చేరాయి. ఈ చిన్న ఐచ్ఛికానికి నేను ఇచ్చే మార్కులు క్లస్టరుకు ఇవ్వలేను.

విద్యార్థుల ప్రింటర్లకు మాత్రం దీన్ని పెట్టలేదు. ఆ సమయంలో ఖాతాలోని నిల్వను సరిచూసే దిక్కు ఉండదు. కార్డు చూపి కాగితాలు తీసుకునే యంత్రాలు సేవ లేచేవరకు కదలలేదు. ప్రధాన సర్వరు అందనప్పుడు దాని పని అందుకునే సైట్ సర్వరు ఉంటే అవీ నడిచేవేమో గాని, ఒకే ప్రాంగణానికి అంత ఖర్చు యాజమాన్యం ఒప్పుకోలేదు.

సాక్షి యంత్రం ఇప్పుడు గ్రంథాలయ భవనంలో, వేరే యూపీఎస్ మీద ఉంది. ఇప్పటికే ఒకే సర్వరులో పలు వర్చువల్ యంత్రాలను నడిపే హైపర్-వీ వంటి ఏర్పాటు ఉన్నవారికి, మొత్తం వర్చువల్ యంత్రమే పక్క హోస్టులో (మరో అసలు సర్వరులో) లేచే పద్ధతి చాలుననిపిస్తుంది. మా అవసరానికి ఈ క్లస్టరు పనికొస్తోంది, కాకపోతే పోస్ట్‌గ్రెస్ ఇంకా ఒక్క యంత్రం మీదే ఉన్నందున దానికి పూర్తి మార్కులు వేయలేను.