జాగ్రత్త: ఊలు కొనేటప్పుడు లాటు నంబరు ముందుగా మీరు చెప్పకండి

సగంలో ఆగిపోయిన అల్లికకు సరిపోయే ఊలు తమ దగ్గర ఉందని, అదే రంగు, అదే లాటు (అంటే ఒకే విడతలో రంగు వేసిన ఊలు) అని ఎవరైనా చెబితే, మీ దగ్గరున్న పాత చీటీ మీది నంబరు మాత్రం వాళ్లకు చెప్పకండి. చీటీ ఫోటో అసలే పంపకండి. నేను రెండూ చేశాను. ఫలితంగా స్వెట్టరుకు రెండు చేతులు అల్లాను, ఆ రెండు చేతులూ విప్పాను.

తొమ్మిదేళ్ల కిందట మొదలుపెట్టిన ముదురాకుపచ్చ స్వెట్టరు అది. వీపు భాగం, ముందు భాగాలు రెండూ అయిపోయి చేతుల దగ్గర ఆగింది. అల్లేవాళ్లకు తెలుసు, ఓపిక చచ్చేది అక్కడే. ఒక చెయ్యి పూర్తయ్యాక అచ్చం అలాంటిదే ఇంకొకటి అల్లాలి కదా. ఈమధ్య సంచి తీసి చూస్తే పురుగు పట్టలేదు కానీ, మెడ దగ్గరి కుట్లు ఇనుప సూది మీదే ఉండిపోయి ఆ వరస పొడుగునా తుప్పు గీత పడింది. ఆ రెండు వరసలు విప్పేశాను. (మధ్యలో ఆపేసేటప్పుడు కుట్లను సూది మీద వదలకుండా ఒక దారానికి ఎక్కించి ముడి వేసి పెట్టుకోండి.) సంచి అడుగున ఒకటిన్నర ఉండ ఊలు, నలిగిన చీటీ ఒకటి దొరికాయి. నూరు శాతం ఊలు, 50 గ్రాములు, రంగు నంబరు, లాటు నంబరు, అన్నీ ఆ చీటీ మీద చదవడానికి వీలుగానే ఉన్నాయి.

చేతులకు ఇంకో ఆరు ఉండలు కావాలి. ఆన్‌లైన్‌లో వెతికితే పాత సరుకు అమ్మేవాళ్లు ఒకరు కనిపించారు. అదే కంపెనీ, అదే రంగు. 'నా చీటీ ఇది, ఈ లాటు మీ దగ్గర ఉందా' అని ఫోటో తీసి పంపాను. రెండు నిమిషాల్లో జవాబు: 'అదే లాటు మేడమ్, నిశ్చింతగా తీసుకోండి.' గోదాములోకి వెళ్లి చూసి రావడానికి రెండు నిమిషాలు చాలవన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు.

ఆరు ఉండలు వచ్చాయి. నాలుగింటి చీటీల మీద లాటు నంబరు ఉండాల్సిన చోట చిన్న తెల్ల స్టిక్కరు అంటించి ఉంది. మిగిలిన రెండింటికి అసలు చీటీలే లేవు. అనుమానం వచ్చింది కానీ, రాత్రి దీపం కింద పాత ఉండ పక్కన పెట్టి చూస్తే తేడా కనిపించలేదు. అల్లడం మొదలుపెట్టాను. మూడు వారాల్లో రెండు చేతులూ అయ్యాయి. ఒక ఉదయం కిటికీ పక్కన అన్ని భాగాలూ పరిచి జాయింట్లు కుడదామని కూర్చుంటే, వీపు నీలం వైపు మొగ్గిన ఆకుపచ్చ, చేతులు పసుపు వైపు మొగ్గిన ఆకుపచ్చ! ఒకరి ఒంటికి ఇంకొకరి చేతులు అతికించినట్టుంది.

లాటు అంటే ఒకే రంగు తొట్టిలో ఒక్కసారిగా ముంచి తీసిన ఊలు. మరుసటి తొట్టి కూడా అదే కొలతల ప్రకారమే కలుపుతారు. కానీ నీళ్లలోనో, వేడిలోనో, నానిన సమయంలోనో కొంచెం తేడా వస్తే ఛాయ మారుతుంది. రంగు నంబరు కలిసినంత మాత్రాన చాలదు, లాటు కూడా కలవాలనడం అందుకే. పైగా వేర్వేరు రంగుపదార్థాలతో తెచ్చిన రెండు రంగులు ఒక దీపం కింద ఒకటిగా కనిపించి, ఎండలో విడిపోవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. ఊలు పోల్చి చూడాల్సింది పగటి వెలుతురులో. అదీ ఉండలుగా కాదు, పాత అల్లిక మీద కొత్త పోగు పరిచి చూడాలి.

రంగు తేడా ఒక్కటే అయితే సర్దుకునేదాన్ని. రెండు లాట్లనూ రెండేసి వరసల చొప్పున మార్చి మార్చి అల్లితే గీత కనబడకుండా కలిసిపోతుంది, అల్లేవాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్న పనే. నా ఖర్మకు అసలు సంగతి ఇస్త్రీ దగ్గర బయటపడింది. భాగాలను తడిపి, ఆకారం సరిచేసి, పైనుంచి ఆవిరి పట్టాను. వీపు భాగం చక్కగా సర్దుకుంది. చెయ్యి మాత్రం సొట్టపడినట్టు చతికిలపడి, మెరుపు తేలి, జారుడుగా వేలాడింది. అంచున బిగువుగా పట్టి ఉండాల్సిన రిబ్బు అల్లిక సాగిందే తప్ప మళ్లీ దగ్గరకు రాలేదు. ఊలు అలా చేయదు. ఎక్కువ వేడి ఆవిరి తగిలితే అలా చచ్చుబడేది ఆక్రిలిక్, ఆ తర్వాత దాన్ని బతికించలేం.

అప్పుడు చేసిన పరీక్ష మొదటి రోజే చేసి ఉండాల్సింది. పాత పోగొకటి, కొత్త పోగొకటి వేలెడంత కత్తిరించాను. నీళ్ల గిన్నె మీదుగా, పట్టకారుతో పట్టుకుని ఒక్కొక్కటీ అంటించాను. పాతది మంట తగలగానే వెనక్కి ముడుచుకుంది, నెమ్మదిగా కాలింది, మంట తీసేయగానే దానంతటదే ఆరిపోయింది. వెంట్రుకలు కాలిన వాసన. మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడైపోయింది. కొత్తది భగ్గున అంటుకుని, నల్లని పొగతో కరిగి, నీళ్లలోకి బొట్టుగా రాలింది. ఆ బొట్టు చల్లారాక గట్టి నల్ల పూసలా గోటికి తగిలింది. ఎంత నొక్కినా నలగలేదు. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద మిగిలేది. మిశ్రమాల విషయంలో ఏది ఎంత శాతమో ఈ పరీక్ష చెప్పలేదు కానీ, నూరు శాతం ఊలు అన్న అబద్ధాన్ని పట్టుకోవడానికి సరిపోతుంది.

తూకం సంగతీ చెప్పాలి. మిగిలిన రెండు ఉండలను వంటింటి త్రాసు మీద పెడితే ఒకటి 43, ఇంకొకటి 44 గ్రాములు. ఊలు తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకోగలదు కాబట్టి గ్రామో రెండు గ్రాములో అటూ ఇటూ అయితే ఎవరినీ తప్పుపట్టలేం. కానీ తేమ అంతగా పీల్చని ఆక్రిలిక్‌లో ఆరేడు గ్రాముల తరుగుకు ఏ వాతావరణం కారణం?

అదే పార్సిల్‌లో సూదులు కూడా తెప్పించుకున్నాను. నా నమూనా కాగితంలో నంబరు 8 అని ఉంది. అది పాత బ్రిటిష్ కొలత, అంటే 4 మిల్లీమీటర్లు. వాళ్లు పంపింది అమెరికా కొలతలో 8, అంటే 5 మిల్లీమీటర్లు. ఇందులో మోసం ఉందనను, అజాగ్రత్త మాత్రం ఉంది. పాత నమూనా ప్రకారం అల్లేవాళ్లు సూది నంబరు చెప్పి అడగకండి, మిల్లీమీటర్లలో అడగండి. ఈ సూదులను మాత్రం వాడకముందే పట్టుకున్నాను.

ఇంత జరిగాక అమ్మినవాళ్లకు రాశాను. మొదట 'ఫోను తెర మీద రంగు తేడా కనిపించడం మామూలే' అన్నారు. తేడా తెర మీద కాదు, నా ఒళ్లో ఉందన్నాను. తర్వాత 'చుట్ట విప్పిన ఊలు వాపసు తీసుకోం' అన్నారు. విప్పకుండా అల్లడం ఎలాగో వాళ్లే చెప్పాలి. కాలిన పోగు ఫోటో పంపాక జవాబులే ఆగిపోయాయి.

అదే చోట, సగం కత్తిరించి వదిలేసిన ఒక గౌనుకు లైనింగ్ బట్ట కూడా కొన్నాను. 'ముందే కుదించిన నూలు బట్ట, ఉతికినా కుంచించుకుపోదు' అని రాసి ఉంది. ఈసారి మాట నమ్మలేదు. 20 సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి, చుట్టూ పెన్సిలుతో గీసి, వేడినీళ్లలో ఉతికి ఆరేశాను. పొడుగు వైపు 18.8కి దిగింది. నేరుగా కుట్టేసి ఉంటే మొదటి ఉతుకులోనే పైబట్ట ముడతలు తేలి లోపలికి లాక్కునేది. మొత్తం బట్ట తడిపి ఆరేశాకే కత్తిరించాను. వాళ్లు ఉచితంగా వేసిన చెక్క రీలు దారం సంగతి అడగకండి. చూడటానికి ముచ్చటగా ఉంది, రెండు వేళ్లతో లాగితే చాలు, పుటుక్కున తెగుతోంది. నూలు దారం పాతబడితే పటుత్వం పోతుంది. మీ ఇంట్లో ఉన్న పాత రీళ్లను కూడా ఒకసారి లాగి చూసి మిషనుకు ఎక్కించండి.

ఇక మీరు కొనబోతుంటే రంగు నంబరు మాత్రమే చెప్పి, 'మీ దగ్గరున్న లాటు నంబరు ఎంత' అని వాళ్లనే అడగండి. చీటీలన్నీ కనిపించేలా, పక్కన ఆనాటి తేదీ రాసిన కాగితం పెట్టి ఫోటో తీసి పంపమనండి. నిజంగా సరుకు ఉన్నవాళ్లకు అది అయిదు నిమిషాల పని. వీలైతే ఒక్క ఉండ ముందు తెప్పించుకుని, మిగతావి పక్కన ఉంచమని చెప్పండి. పార్సిల్ విప్పుతున్నప్పుడు వీడియో తీయండి. ఎండలో చూసి, తూచి, ఒక పోగు కాల్చి, 10 సెంటీమీటర్ల నమూనా ముక్క అల్లి, దాన్ని ఉతికి చూసేదాకా అసలు పనికి ఆ ఊలు వాడకండి. ఏ అమ్మకందారైనా ఇందులో ఒక్కదానికి విసుక్కుంటే నేనైతే అక్కడితో వదిలేస్తాను.

నా స్వెట్టరు ఇప్పుడు చేతుల్లేని స్వెట్టరైంది. ఉన్న ఒకటిన్నర ఉండతో చంకల చుట్టూ, మెడకూ పట్టీలు అల్లితే ఇంకా మూరెడు పోగు మిగిలింది. బాగానే ఉంది, వేసుకుంటున్నాను.

అమ్మినవాళ్ల ప్రకటన మాత్రం ఇంకా అలాగే ఉంది. నిన్న మళ్లీ చూశాను. ఈసారి 'లాటు నంబరుతో సహా అసలైన పాత సరుకు' అని రాసి, కింద చీటీ ఫోటో ఒకటి కొత్తగా పెట్టారు. నలిగిన చీటీ, దాన్ని పట్టుకున్న బొటనవేలు, వేలికి చుట్టిన ప్లాస్టరు. ఆ వేలు నాదే.